ఉమ్మడి మాస్టారు

మా మాస్టారు పోయారు. తెనాలిలో మా ల్యాబ్ తలుపులు తీసి, కంప్యూటర్లు ఆన్ చేసి, టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, బాపట్ల నుంచి ఆయన భార్య ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ మాస్టారు నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా" అన్నారు. నేను "ఎక్కడికండి?" అని అడిగాను. తెలివితక్కువ ప్రశ్నే. కానీ ఆయన ఎప్పుడూ ఎక్కడికో ఒకచోటికి వెళ్ళే మనిషే కాబట్టి నోటికి అదే వచ్చింది.

ఆ రోజే అందరం రైలెక్కి బాపట్ల వెళ్ళి చూసి వచ్చాం. తిరిగి బయల్దేరేటప్పుడు ఆవిడ నన్ను పక్కకి పిలిచారు.

"మీది ఫోటోల ఆఫీసే కదమ్మా. పెద్దకర్మ నాటికి గోడకి పెట్టుకోడానికి ఆయనది మంచి ఫోటో ఒకటి చేసిపెట్టు. మా దగ్గర ఆధార్ కార్డు మీద ఉన్నదే ఉంది. అందులో ఆయన ఆయనలా లేరు."

"అలాగేనండి, దానికేముంది" అన్నాను ధీమాగా. రైల్లో కూర్చున్నాక ఆ ధీమా కాస్తా సడలింది. మూడు ఊళ్ళ పెళ్ళిళ్ళు మా దగ్గరున్నాయి. మాస్టారు ఉన్న ఫోటో ఒక్కటైనా ఉందా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు గొంతు తగ్గించాలంటారు. ఈయన గురించి గొంతు తగ్గించి రాయడం నా వల్ల కాదు. ఆయనే ఏనాడూ తగ్గించి మాట్లాడలేదు. అందుకని నాకు వచ్చినట్టే చెప్తాను, పెద్దలు ఏమీ అనుకోకండి.

మాది పెళ్ళి ఆల్బమ్‌లు చేసే ల్యాబ్. తెనాలి, బాపట్ల, రేపల్లె ఫోటోగ్రాఫర్లు ఫోటోలు తెచ్చి ఇస్తారు. వాటిని పేజీలుగా కూర్చి ప్రింటుకి పంపడం మా పని. మాస్టారు మా దగ్గర ఉద్యోగి కాదు. ఒకప్పుడు బాపట్లలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు, అందుకే అందరికీ మాస్టారు. ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక మూడు ఊళ్ళ ఆఫీసులూ తిరుగుతూ కంప్యూటర్లు చూసుకునేవారు. ఏ ఆఫీసుకి వెళ్ళినా ముందు ఒకటే పని చేసేవారు. ఫైళ్ళన్నీ సర్వర్ అనే ఒక కంప్యూటర్లో పెట్టించి, ఆ చోటుని మిగతా కంప్యూటర్లన్నిటిలో ఒక డ్రైవ్‌లాగా కనబడేట్టు చేసేవారు. దాన్ని డ్రైవ్ మ్యాప్ చెయ్యడం అంటారు. వినడానికి ఇంతే. నాకు మాత్రం ఆ మాట వింటే ఇప్పటికీ హుషారు పుడుతుంది.

ఆయన రాకముందు మా బతుకు చెప్పాలి. ప్రతి కంప్యూటర్లోనూ ప్రతి పెళ్ళికీ ఒక కాపీ. పెన్‌డ్రైవులు ఈ చేతి నుంచి ఆ చేతికి తిరుగుతుండేవి. ఫైళ్ళ పేర్లు చూడాలి మీరు. ఫైనల్, కొత్త ఫైనల్, ఇదే ఫైనల్, అక్క ఒప్పుకున్న ఫైనల్. నిడుబ్రోలు పెళ్ళి ఒకదానిలో పెళ్ళికొడుకు తల్లి కళ్ళు మూసుకుని ఉన్న పేజీ ప్రింటైపోయి వాళ్ళింటికి చేరింది. కళ్ళు తెరిచిన పేజీ నా కంప్యూటర్లో భద్రంగా ఉంది. ఆవిడ మా ల్యాబ్‌కి వచ్చి ఏమన్నారో ఇక్కడ రాయను.

ఆ గొడవ చల్లారాక మా ఓనర్ గారు మాస్టార్ని పిలిపించారు. గుడ్డసంచి, స్టీలు కేరేజీ, చొక్కా జేబులో పెన్నుకి బదులు స్క్రూడ్రైవర్. రోజంతా తీగలు లాగి, సర్వర్ సిద్ధం చేసి, చివరికి నా కుర్చీ దగ్గరికి వచ్చారు. నేను లేచి చోటివ్వబోయాను.

"నువ్వే కూర్చోమ్మా. చెయ్యి నీది, మాట నాది."

ఎక్కడ నొక్కాలో చెప్పారు, నొక్కాను. ఏ పేరు టైపు చెయ్యాలో చెప్పారు. ఆ సర్వర్ పేరుకి ముందు రెండు వాలు గీతలు పెట్టమన్నారు.

"రెండెందుకండి?"

"ఇంకొకళ్ళ ఇంట్లోకి వెళ్తున్నాం కదమ్మా. చెప్పులు రెండూ గుమ్మం ముందు విడవాలా వద్దా?"

"ఎటు వాలాలండి?"

"తల ఎడమ పక్కకి. నిద్రొచ్చినట్టు."

అలా టైపు చేసి ఎంటర్ కొట్టాను. అప్పటిదాకా లేని డ్రైవ్ ఒకటి నా స్క్రీన్ మీదకి వచ్చి కూర్చుంది. దాన్ని తెరిస్తే తెనాలి పెళ్ళిళ్ళన్నీ వరసగా కనిపించాయి. మాస్టారు చప్పట్లు కొట్టారు. నిజంగానే, రెండు చేతులతో. "వచ్చిందమ్మా, వచ్చింది" అని ల్యాబంతా వినబడేట్టు అన్నారు. ఈ పని ఆయన ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని కంప్యూటర్లకి చేసి ఉంటారో, ఆ మొహం మాత్రం తొలిచూలు బిడ్డని చూసిన తండ్రి మొహంలాగే ఉంది. ఆ తర్వాత చాలాసార్లు చూశాను. ఎప్పుడూ అదే మొహం.

మేమూ చప్పట్లు కొట్టబోతుంటే ఆపారు. "ఆగండి. ఇప్పుడు కంప్యూటర్ ఆపి మళ్ళీ వెయ్యి. ఇవాళ కనబడటం గొప్ప కాదమ్మా, రేపొద్దున కనబడాలి." డ్రైవ్ పెట్టేటప్పుడు ఒక చిన్న గడిలో టిక్కు ఉండాలి, అది లేకపోతే మర్నాటికి డ్రైవ్ మాయమవుతుంది. ఆ టిక్కు ఉందా లేదా అని ఆయన కంటితో చూసి ఊరుకునే రకం కాదు. ఆపించి, వేయించి, మళ్ళీ కనబడితేనే టీ తాగేవారు.

తెనాలికి టి, బాపట్లకి బి, రేపల్లెకి ఆర్ అని డ్రైవులకి అక్షరాలు ఆయనే పెట్టారు. దాంతో కొన్నాళ్ళు మా ఆఫీసులో మాటలు ఎలా ఉండేవంటే, "పెళ్ళికూతుర్ని టీలో పడేశానక్కా" అని ఒకరు అరిస్తే, ఆల్బమ్ కోసం వచ్చి కూర్చున్న పెద్దాయన తన గ్లాసులోకి తొంగి చూసుకునేవాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. నాతోపాటు పనిచేసే కుర్రాడు ఒకతను రోజూ రేపల్లె నుంచి రైల్లో వచ్చి వెళ్ళేవాడు. నన్ను అక్కా అంటాడు, నాకు తమ్ముడే. మంచి పనివాడు, చెయ్యి చాలా చురుకు. ఆ చురుకే కొంప ముంచింది. ఒక రోజు ఆర్ డ్రైవ్ నిండిపోయిందని ఎర్ర గీత చూపించింది. తమ్ముడు అందులో పెద్ద ఫోల్డర్ ఒకటి చూసి తీసిపారేశాడు. నిజంగా తీసెయ్యాలా అని కంప్యూటర్ అడిగితే, రోజూ అడిగేదే కదా అని అవునన్నాడు. అది రేపల్లెలో జరిగిన చర్చి పెళ్ళి. పెళ్ళికూతురిది మా తమ్ముడి వీధే. ఆ పని మాకు మాట్లాడిపెట్టిందీ అతనే. ఫోటోగ్రాఫర్ అప్పటికే కెమెరా కార్డులు తుడిచేసి ఇంకో పెళ్ళికి వెళ్ళిపోయాడు. సర్వర్లోంచి అలా తీసేసినవి రీసైకిల్ బిన్ అనే చెత్తబుట్టలోకి కూడా వెళ్ళవు. అంటే ఆ పెళ్ళి ఫోటో ఒక్కటి కూడా ఇంకెక్కడా లేదు.

"నాది ఖాళీ చేసుకున్నానక్కా, మీ దాంట్లో ఉంటుంది కదా" అన్నాడు తమ్ముడు. నా దాంట్లో చూశాను. ఓనర్ గారి దాంట్లో చూశాం. ఎక్కడ చూస్తే అక్కడ లేదు. తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ వీధిలోకి ఎలా వెళ్ళనక్కా?" అన్నాడు.

మాస్టారికి ఫోన్ చేశాను. బాపట్ల స్టేషన్లోనే ఉన్నారు, తెనాలి బండి కోసం.

"ఎవరూ ఏమీ ముట్టుకోకండి. సర్వర్ నెట్‌వర్క్ తీగ పీకెయ్యమ్మా. తుడిచిన పలక మీద మళ్ళీ రాయకపోతే చాలు, పాత అక్షరాలు కనబడతాయి. వస్తున్నా."

తీగ పీకేశాం. చేతులు ఒళ్ళో పెట్టుకుని అందరం బడిపిల్లల్లా కూర్చున్నాం. ఓనర్ గారు సర్వర్ పక్కన కుర్చీ వేసుకుని కాపలా ఉన్నారు, అదేదో లేచి పారిపోతుందన్నట్టు. నిడుబ్రోల్లో బండి ఆగగానే మాస్టారు మళ్ళీ ఫోన్ చేశారు. "ఎవరూ ముట్టుకోలేదుగా?" చుండూర్లో ఇంకోసారి. "ఇప్పుడు?" మాకు భయంలోనూ నవ్వొచ్చింది.

వచ్చీ రాగానే ఆయన సర్వర్ వైపు వెళ్ళలేదు. తమ్ముడి దగ్గరికి వెళ్ళారు.

"అన్నం తిన్నావా?"

లేదని తల ఊపాడు. కేరేజీ విప్పి అతని ముందు పెట్టి, "తింటూ చెప్పు. ఏంటి అనుకుని తీశావు?" అని అడిగారు.

"ఆర్ అంటే రేపల్లె వాటా అనుకున్నానండి. నాకు ఇచ్చిన వాటా. అసలుది తెనాలి వాటాలో ఉంటుందనుకున్నాను."

నాకు కోపం నసాళానికి అంటింది. ఇన్నాళ్ళు పనిచేసి ఇదా అర్థమైంది అని నోటిదాకా వచ్చింది. మాస్టారు మాత్రం తొడ చరుచుకుని మరీ నవ్వారు.

"తప్పు నాదేరా. షేర్ చేశాను, షేర్ చేశాను అని ఊరంతా చెప్పాను. మన ఊళ్ళల్లో షేర్ అంటే ఎవరికైనా వాటాయే కదా. పొలం పంచుకుంటే ఎవరి ముక్క వాళ్ళది, చెరుకేస్తావో బీడు పెడతావో నీ ఇష్టం. ఇది అది కాదు. ఇది ఉమ్మడి. ఉమ్మడి బావి ఉందనుకో, ఎవరింటి వైపు నుంచి వాళ్ళు చేద వేస్తారు. చేద నీది. బావి మాత్రం ఒక్కటే. నువ్వు పూడిస్తే అందరికీ పూడిపోతుంది."

తమ్ముడు చేతిలో ముద్ద మళ్ళీ గిన్నెలో పెట్టేశాడు. "మరి ఇప్పుడెలాగండి?" అన్నాడు.

"పూడిక తీద్దాం పద" అని లేచారు.

పోయినవాటిని వెతికి పట్టే ప్రోగ్రామ్ ఒకటి పెట్టారు. అది సర్వర్‌ని మూలమూలా గాలిస్తుంటే మేమందరం ఆయన వెనకాల మూగాం. బొమ్మలు ఒక్కొక్కటే పైకి తేలడం మొదలైంది. అవేవీ మా పెళ్ళివి కావు. ఎప్పుడో పని అయిపోయి తీసేసినవన్నీ ముందు లేచొచ్చాయి. ఎవరిదో ఉయ్యాలలో పాప. భోజనాల బంతిలో సగం తిని వదిలేసిన విస్తళ్ళు. సూర్యలంక బీచ్‌లో ప్యాంటు మడిచి పరుగెత్తుతున్న పెళ్ళికొడుకు. "ఈయన మనవాడేనా?" అని మాస్టారు అడగడం, "కాదండి" అని మేమనడం. "ఈ తాతగారు?" "విభూతి పెట్టుకున్నారండి, మనవాళ్ళు చర్చి పెళ్ళివాళ్ళు." "నిజమే, ఇంకా లోపలికి వెళ్దాం."

తమ్ముడు మాతో లేడు. స్క్రీన్ వైపు చూసే ధైర్యం లేక పక్కకి వెళ్ళి కూర్చున్నాడు. ఎవరో చూసిపెట్టమని ఇచ్చిన కెమెరా ఒకటి బల్ల మీద ఉంటే దాన్ని చేతిలో పట్టుకుని తిప్పుతున్నాడని మాత్రం గమనించాను.

అప్పుడు తెల్లచీర కనబడింది. చర్చి మెట్ల మీద తెల్లచీర, చేతిలో పూలగుత్తి, ముసుగు గాలికి లేచి పక్కనున్న పెళ్ళికొడుకు మొహాన్ని సగం కప్పేసింది. "వచ్చింది, వచ్చింది" అని మాస్టారు స్క్రీన్ మీదకి వేలు చాపి కేక పెట్టారు. ఆ వెనకే ఇంకోటి, ఇంకోటి, మెట్లూ జనమూ కేకూ అన్నీ వరసకట్టి వచ్చేశాయి. ఓనర్ గారు నా భుజం పట్టుకుని ఊపేశారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకు తెలియలేదు. అంత సంతోషం నా పెళ్ళిలో కూడా పడలేదని మా ఆయన ముందే చెప్పాను, ఆయనేమీ అనుకోలేదు.

వచ్చిన ఫోటోలకి పేర్లు లేవు, వరస లేదు, ఇతర పెళ్ళిళ్ళతో కలిసిపోయి ఉన్నాయి. మాస్టారు సాయంత్రం బండి వదిలేసి మాతో కూర్చుని ఏరారు. వెళ్ళబోతూ ఆఖరి పనిగా సర్వర్లో మా ఫైళ్ళన్నీ ఉన్న ఫోల్డర్ పేరు మార్చారు. అంతకుముందు దానిమీద షేర్ అని ఉండేది. దాన్ని తీసేసి తెలుగులోనే ఉమ్మడి అని కొట్టారు. ఆ వారంలోనే మూడు ఊళ్ళలో ఆయన చూసే ప్రతి ఆఫీసులోనూ అదే పేరు పెట్టి వచ్చారట. బాపట్లలో కాలేజీ గుమాస్తా గారూ, రేపల్లెలో ఎరువుల కొట్టు ఆయనా, అందరూ ఉమ్మడిలో పెట్టాను, ఉమ్మడిలో చూడండి అనేవారే. అలా ఆయన ఉమ్మడి మాస్టారయ్యారు.

తర్వాత మా ఓనర్ గారు రేపల్లెలో చిన్న గది తీసుకుని తమ్ముణ్ణి అక్కడ కూర్చోబెట్టారు. ఆ గది కంప్యూటర్లో తెనాలి ఉమ్మడి కనబడాలన్నది కోరిక. ఇంటర్నెట్ మీదుగా మనకొక్కళ్ళకే తాళం ఉన్న దారి వేస్తానన్నారు మాస్టారు. ఆయనతో నేనూ రేపల్లె వెళ్ళాను. దారి పడి, డ్రైవ్ కనబడ్డాక, నమ్మకం కుదరడానికి ఒక ఖాళీ ఫైల్ పెట్టుకుని ఆడుకున్నాం. తెనాలిలో ఓనర్ గారు అందులో "కనబడుతున్నానా" అని కొట్టి సేవ్ చేశారు. ఇక్కడ తెరిస్తే ఆ మాట ఉంది. మాస్టారు దాని కింద "కనబడుతున్నారు, భోజనం అయిందా" అని కొట్టారు. ఫోన్లో అడిగితే పోయేదానికి ఇంత దూరం వచ్చి తీగలు లాగాలా అని మీరనొచ్చు. ఆ గదిలో మాకు అలా అనిపించలేదు. పెద్దవాళ్ళం చిన్నపిల్లల్లా ఒకళ్ళ భుజాల మీంచి ఒకళ్ళం తొంగి చూశాం.

ఇలాంటి మనిషికి ఫోటో లేదు. మళ్ళీ ఆ సంగతికే వస్తున్నాను, ఎందుకంటే బాపట్ల నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నాకు వేరే ధ్యాస లేదు. మూడు డ్రైవులూ గాలించాను. దొరికినవి చెప్తాను. బల్ల కింద తీగ పెడుతున్న ఆయన కాళ్ళు. సర్వర్ ముందు ఆయన వీపు. మా ఓనర్ గారి అమ్మాయి పెళ్ళిలో, గుంపు ఫోటోలో, ఒక లావుపాటి బంధువు వెనకాల ఆయన చెవి. మొహం ఎక్కడా లేదు. లోకంలో అందరి మొహాలూ కాపాడిన మనిషి మొహం మా దగ్గర లేకపోవడమేంటని నా మీద నాకే విసుగొచ్చింది. పెద్దకర్మ దగ్గరపడుతోంది. ఆధార్ ఫోటోనే పెద్దది చేసి, మొహం సరిదిద్ది, నీలం తెర వేసి, కోటు తొడుగుదామా అన్నారు ఓనర్ గారు. మా ఊళ్ళల్లో గోడెక్కే ఫోటోలకి కోటు మామూలే. సరే అని ఆ పని మొదలుపెట్టాను కూడా. ఎంత దిద్దినా ఆ మొహం ఎవరిదో గానీ మాస్టారిది కాలేదు.

ఆ పనిలో ఉండగా ఆర్ డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ పుట్టింది. దాని పేరు మాస్టారు. తెరిచాను. ఒకే ఒక ఫోటో.

మాస్టారి మొహమే. వెంటనే రేపల్లెకి ఫోన్ చేశాను.

"ఎక్కడిదిరా ఇది?"

"ఆ రోజుదే అక్కా, చర్చి పెళ్ళి పోయిన రోజుది" అన్నాడు తమ్ముడు. "స్క్రీన్ చూడలేకపోయాను. దొరుకుతుందో లేదో మాస్టారి మొహంలో తెలుస్తుంది కదా అని కెమెరా పెట్టుకుని ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. తెలియగానే నొక్కేశాను."

"ఇన్నాళ్ళూ ఉమ్మడిలో ఎందుకు పెట్టలేదు?"

"ఇదొక్కటీ నా వాటా అనుకున్నానక్కా" అన్నాడు. నేను దిద్దుతున్న ఆధార్ ఫోటో మూసేసి, దీన్ని తెర నిండా పెద్దది చేశాను.

ఫోటో చూస్తే గోడకి పెట్టేదిలా లేదు. మాస్టారు సగం లేచి ఉన్నారు. నోరు బారెడు తెరుచుకుంది. జేబులో స్క్రూడ్రైవర్ పక్కకి ఒరిగింది. వేలు ఒకటి చాపి దేన్నో చూపిస్తున్నారు, చూపిస్తున్నదేదో ఫోటోలో లేదు. మా పనివాళ్ళ బుద్ధి పోదు కదా, నోరు మూయిద్దామా, చెయ్యి తీసేద్దామా అనుకున్నాను. ఎందుకైనా మంచిదని ముందు ఉన్నదున్నట్టు బాపట్లకి ఆయన భార్య ఫోన్‌కి పంపించాను. కోటు వేస్తానండి, కంగారుపడకండి అని కూడా చెప్పాను.

"కోటెందుకమ్మా" అన్నారావిడ. "స్క్రూడ్రైవర్ కూడా తియ్యకు. రోజూ ఇలాగే వచ్చేవారు ఇంటికి. గుమ్మంలో నుంచే ఏదో ఒకటి చెప్తూ. ఇదే కట్టించు."

కట్టించి నేనే తీసుకెళ్ళాను. తమ్ముడూ ఓనర్ గారూ కూడా వచ్చారు. ముందుగదిలో బల్ల మీద పెట్టి దండ వేశారు. దండ ఆ నోటికి అడ్డం రాకుండా ఆవిడే రెండుసార్లు సర్దారు. మూడు ఊళ్ళ ఆఫీసులవాళ్ళు వస్తున్నారు. చెప్పులు విడిచి, గంభీరంగా మొహం పెట్టుకుని లోపలికి వచ్చి దణ్ణం పెడుతున్నారు. పెట్టి తల ఎత్తగానే, ప్రతివాళ్ళూ, ఆయన వేలు చూపిస్తున్న వైపుకి తిరిగి చూస్తున్నారు. అక్కడ వంటింటి తలుపు తప్ప ఏమీ లేదు. అదే తలుపులోంచి ఆయన భార్య మంచినీళ్ళ గ్లాసులు పెట్టిన పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చారు. అందరూ తనవైపే చూస్తుంటే ఏంటన్నట్టు ఆగి, ఫోటో చూసి, చీర కొంగు సర్దుకున్నారు.